ఉప్పుకాగితం

ఆఫీసు గోడ మీద ఫ్రేము కట్టించిన చరిత్ర
నాలుగే వాక్యాలు.
తెయోఫిల్ గ్రోందాన్ గారు స్థాపించిరి, అని మొదలు.
నేను కాగితాలు చదవడం తక్కువ.
ముప్పైయొక్కేళ్లుగా ఉప్పుకాగితం గదిలో
చెక్కని వేళ్లతో చదువుకునేవాణ్ణి.
నాకు తెలిసింది వేరు.

మా క్యూబెక్ పల్లెలో పారే నది పేరుకి
కాగు అని అర్థం.
మంచు కరిగే నెలలో అది నిజంగానే పొంగుతుంది,
పాలు కాదు, ఐసుగడ్డలు.
ఏ ఏడు ఎంతదాకా వచ్చిందో
తలుపుచెక్క మీద గీత పెట్టుకుంటాం,
పిల్లల ఎత్తు కొలిచినట్టు.

ముసలాయన చేసింది వంటబల్లలు కాదు,
బౌలింగ్ బంతులు దొర్లే బాటలు.
చేవదేరిన మేపుల్, బొటనవేలంత పట్టీలు,
ఒకదాన్నొకటి కరుచుకుని నిలబడేవి.
శనివారం రాత్రుళ్లు
సరిహద్దు అవతల మేన్ దాకా
ఆయన చెక్క మీదే దడదడలు.
తర్వాత ప్లాస్టిక్ వచ్చింది.
అరవై అడుగుల బాటలు పదకొండు
గోదాములో పడుకుండిపోయాయి, కొనే నాథుడు లేక.

వంటబల్ల ఆల్దేయాది. ఆయన భార్యది.
ఆ వసంతం నది ఆమె వంటింట్లోకి వచ్చి
పైన్ బల్లని ఎత్తుకుపోయింది.
రొట్టెపిండి పిసకడానికి జానెడు చోటు లేదు,
ఇంట్లో తొమ్మిది నోళ్లు.
మొగుడు బ్యాంకుకి పోయిన పూట
రంపం పట్టుకుని గోదాములోకి నడిచి
మూడో బాటని కోసేసింది,
సరిగ్గా బాణం గుర్తులున్న చోట.

ఆయన వచ్చాడు. చూశాడు.
ఏమన్నాడో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు.
ఆమె మాత్రం పిండిచేతులు దులుపుకోకుండానే
"అప్పిచ్చారా?" అందట.
ఇవ్వలేదు.
"అయితే ఇంకోటి కొయ్యి. మా చెల్లెలు అడిగింది."

బంతి ఎటు పోవాలో చూపించడానికి
నల్లచెక్కతో పొదిగిన బాణాలు.
వాటి మీద ఆమె ఉల్లిపాయలు తరిగింది.

మొదటి చలికాలం నలభై బల్లలు వెనక్కొచ్చాయి.
పొయ్యిల పక్కన బీటలిచ్చి,
ఎండాకాలపు మడిలా నోళ్లు తెరిచి.
గోడ మీద ఈ సంగతి లేదు.
పాత బాటలు అయిపోయాక
పచ్చి దుంగలు కోసి తొందరపడ్డారు మరి.
చెక్క నీళ్లని మరిచిపోవాలంటే
తొందరపెడితే కాదని
పెద్దకొడుకు రోజేర్‌కి తెలిసేసరికి
రెండు తోటలు అమ్ముడైపోయాయి.
నన్ను పనిలోకి తీసుకున్నది అతనే.
వేలితో తట్టి వినమనేవాడు.
తడిచెక్క గొణుగుతుంది, ఆరినది పలుకుతుంది.

ఇప్పుడు మనవరాలు గిలెన్.
కంప్యూటరు కోస్తుంది, నేను నునుపు చేస్తాను.
మా బల్లలు టొరంటోలో ఇరవయ్యో అంతస్తుకి వెళ్తాయి.
అక్కణ్ణించి ఉత్తరాలొస్తాయి:
నిమ్మకాయ మరక పడింది, కత్తి గాటు పడింది,
ఏం చెయ్యమంటారు?
వంట చెయ్యమంటాను నేను.
గిలెన్ ఇంకాస్త మర్యాదగా రాస్తుంది.

పోయిన మంగళవారం ఓ పాతబల్లని లారీలో తెచ్చారు.
ఆల్దేయా ఇంటిదే, చిన్నకూతురు పోయాక బయటపడింది.
షోరూములో పెడతాం, అద్దంలా చేసివ్వు అంది గిలెన్.
మిషను ఆన్ చేసి ముందు అరచెయ్యి ఆనించాను,
అలవాటు కొద్దీ.
బాణాలకి కాస్త ఇవతల
చెక్క లోపలికి దిగి ఉంది,
పళ్లెమంత మేర, కంటికి ఆనదు.
ఎన్నేళ్ల పిండి, ఎన్ని ఉదయాల మణికట్లు.

మిషను ఆపేశాను.
అంచులు మాత్రం చేత్తో రుద్ది, నూనె పట్టించి,
బెల్టు తెగిందని చెప్పాను.
ఆ సాయంత్రం దాన్ని తెంపాను కూడా,
అబద్ధం మిగలకూడదని.

అందరూ వెళ్లాక
నా డబ్బాలోంచి ఆపిల్ తీసి బల్ల చివర వదిలాను.
అది బాణాల మీదుగా మెల్లగా దొర్లి
ఆ పల్లంలోకి దిగి
అటూ ఇటూ ఒకసారి ఊగి
ఆగింది.

తర్వాత తినేశాను.